శాంతి చూసిన వెనిస్

షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్‌లో, లోపలికి అడుగుపెట్టగానే ఎదురయ్యే బల్ల వెనక శాంతి కూర్చుంటుంది. ఆమెకు యాభై రెండేళ్ళు. తొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ. ఫోన్లెత్తడం, అపాయింట్‌మెంట్లు రాయడం, ఇన్సూరెన్స్ వాళ్ళతో గంటల తరబడి వాదించడం, పన్ను పీకించుకోవడానికి వచ్చి వణికిపోయేవాళ్ళకి ధైర్యం చెప్పడం ఆమె పని. వరంగల్‌లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది. ఆ చదువుకీ ఈ కుర్చీకీ ఏమిటి సంబంధమని ఎవరైనా అడిగితే, "ఏసిడ్ తోటి పళ్ళు పాడైతయి గద, గంతే సంబంధం" అని నవ్వేస్తుంది.

భర్త రాజారావుది కాంట్రాక్టుల మీద నడిచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. దొరికితే రెండేళ్ళుంటుంది, ఊడితే ఆర్నెల్లు ఇంట్లోనే. ఒక్కడే కొడుకు అనీష్, యూనివర్సిటీ హాస్టల్‌కి వెళ్ళిపోయాడు. ఊళ్ళో తెలిసినవాళ్ళు వందమంది ఉన్నా, స్నేహితురాలు అని శాంతి చెప్పుకునే మనిషి ఒక్కతే. ఆమె పేరు ఉమ.

పదహారేళ్ళ కిందట ఈ రెండు కుటుంబాలూ ఒకే అపార్ట్‌మెంట్ సముదాయంలో ఉండేవి. బేస్‌మెంట్‌లో అందరికీ కలిపి బట్టలుతికే మెషిన్లుండేవి. పావు డాలరు నాణేలు వేస్తేగాని అవి కదిలేవి కావు. ఒక జనవరి ఉదయం ఉమ చంకలో పిల్లతో, మాసిన బట్టల బుట్ట ముందు నిలబడి కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. గుంటూరు నుంచి వచ్చి అప్పటికి ఇరవై రోజులు. చేతిలో నాణెం లేదు, బయట మోకాలిలోతు మంచు. శాంతి ఏమీ అడగకుండా తన నాణేలు తీసి మెషిన్‌లో వేసింది.

"ఏడిస్తే మురికి పోదు గాని, పా, పైన చాయ్ పెడ్త."

అలా మొదలైంది. భర్తల వీసాల మీద వచ్చిన ఆడవాళ్ళకి అప్పట్లో ఉద్యోగం చేసే వీల్లేదు. ఇంటికున్న ఒక్క కారూ పొద్దున్నే మగవాళ్ళతో రైలు స్టేషన్‌కి వెళ్ళిపోయేది. మిగిలిన పగలంతా ఇద్దరాడవాళ్ళు, ఇద్దరు చంటిపిల్లలు, ఒకే హాలు. ఒకరింట్లో పప్పు, ఇంకొకరింట్లో కూర. ఒక చలికాలం ఉమ ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్మేసిన సామాన్లలోంచి ముక్కలు పేర్చితే వెనిస్ బొమ్మ అయ్యే పజిల్ పెట్టె ఒకటి తెచ్చింది. వెయ్యి ముక్కలు. పిల్లలు నిద్రపోతున్నప్పుడల్లా శాంతి ఇంట్లో భోజనాల బల్ల మీద పరుచుకుని కూర్చునేవాళ్ళు. కాలువ, వంతెనలు, నల్లటి పడవలు నెల రోజులకు గాని పూర్తి కాలేదు. ఆఖరి ముక్క పెట్టిన రోజున ఉమ అంది: "పిల్లలు కాలేజీలకెళ్ళాక మనిద్దరమే వెళ్దామే ఇక్కడికి. మగాళ్ళొద్దు."

తర్వాత దారులు వేరయ్యాయి. ఉమ భర్త దామోదర్‌కి కంపెనీలో పెద్ద పదవి వచ్చింది. పెద్ద పదవులవాళ్ళకుండే కోటాలో గ్రీన్ కార్డు కూడా తొందరగా వచ్చేసింది. నది దాటాక ఉన్న కొత్త పేటలో ఇల్లు కొన్నారు. ఉమ కూడా ఉద్యోగంలో చేరింది. కొన్నాళ్ళకి అమెరికా పౌరసత్వమూ వచ్చింది. శాంతి వాళ్ళు పన్నెండేళ్ళు వరుసలో నిలబడి మూడేళ్ళ కిందటే గ్రీన్ కార్డు ముఖం చూశారు. అయినా శనివారం పొద్దున నది ఒడ్డున ఇద్దరి నడక మాత్రం ఆగలేదు. ఉమ ఎంత పెద్ద కారులో వచ్చినా, దిగి నడవడం మొదలుపెట్టాక ఆమె బేస్‌మెంట్‌లో కనపడ్డ పిల్లేనని శాంతికి నమ్మకం.

ఉమ కూతురు అదితి కాలేజీకి న్యూయార్క్ వెళ్ళిపోయిన ఏడాది, ఆ నడకలోనే ఉమ కదిపింది.

"ఇంకేంటే ఆలస్యం? వెనిస్ వెళ్దామా?"

"నిజంగంటున్నవా?"

"నిజంగానే. సింపుల్‌గా వెళ్దాం. ఒక రూమ్, నాలుగు రోజులు, బోలెడు కబుర్లు. అపార్ట్‌మెంట్ రోజుల్లోలాగా."

శాంతి ఆ మాటని అక్షరాలా నమ్మింది. మూడు వారాల పాటు సాయంత్రాలు లాప్‌టాప్ ముందు కూర్చుని ట్రిప్ మొత్తం తానే ఏర్పాటు చేసింది. నవంబరైతే చవక. దారిలో ఆరు గంటలు ఎక్కడో ఆగి వెళ్ళే విమానమైతే ఇంకా చవక. హోటల్ పేరులో వెనిస్ ఉంది, ఫోటోలో కాలువ ఉంది. దొరికిందే చాలని బుక్ చేసింది. ఉమకి పంపితే వెంటనే రెండు దండాల బొమ్మలు, ఒక గుండె వచ్చాయి.

ఉమకి అమెరికా పాస్‌పోర్టు కాబట్టి వీసా అక్కర్లేదు. శాంతిది ఇప్పటికీ ఇండియా పాస్‌పోర్టే. ఒక రోజు సెలవు పెట్టి, రైలెక్కి షికాగో వెళ్ళి, బ్యాంకు కాగితాలు, జీతం కాగితాలు, డాక్టరమ్మ సంతకం చేసిన ఉత్తరం చూపించి, వేలిముద్రలిచ్చి వీసా తెచ్చుకుంది. రాజారావు ఒక్కసారి మాత్రం, "ఇప్పుడు అవసరమా ఇది?" అన్నాడు. "పదహారేండ్ల సంది నాకేమన్న అడిగిన్నా?" అంది శాంతి.

వెనిస్ విమానాశ్రయంలో దిగగానే ఇద్దరూ రెండు వరుసల్లో విడిపోయారు. ఉమ గాజు గేటు దగ్గర పాస్‌పోర్టు ఆనించి, వెనక్కి తిరిగి చెయ్యూపి వెళ్ళిపోయింది. శాంతి నిలబడ్డ వరుస కదల్లేదు. ఎక్కడ ఉంటారు, ఎన్ని రోజులు, తిరుగు టిక్కెట్ ఏది అని అడిగి ముద్ర వేసేసరికి గంటా పది నిమిషాలైంది. బయటికి వచ్చేసరికి ఉమ సూట్‌కేసు మీద కూర్చుని మోకాలు రాసుకుంటోంది.

"సారీనే."

"నువ్వేం చేస్తావులే," అంది ఉమ. ఆ 'లే' ఎందుకో శాంతి చెవిలో గుచ్చుకుంది.

హోటల్ వెనిస్‌లో లేదు. నీళ్ళకి ఇవతల, మెస్త్రే అనే ఊళ్ళో, ఫ్లైఓవర్ వెనక ఉంది. ఫోటోలో ఉన్న కాలువ నగరానిది, హోటల్‌ది కాదు. లిఫ్టు తలుపు మీద కాగితం అంటించి ఉంది. భాష రాకపోయినా పనిచేయదని అర్థమైంది. మూడో అంతస్తు. ఇద్దరికీ ఒకటే మంచం. కిటికీ తీస్తే టైర్ల షాపు, దాని ముందు గుట్టగా పాత టైర్లు.

ఉమ కిటికీలోంచి అటూ ఇటూ తొంగి చూసింది. "వెనిస్ ఎటుందే?"

"బస్సుల ఇర్వై నిమిషాలేనంట," అంది శాంతి, తానే కట్టించిన ఇంటికి వంకలు వెతుకుతున్నవాళ్ళకి జవాబు చెబుతున్నట్టు.

మర్నాడు వాన. కిక్కిరిసిన బస్సులో నిలబడి వెళ్ళారు. దిగితే ప్రతి నూరడుగులకీ ఒక వంతెన, ప్రతి వంతెనకీ మెట్లు. ఉమ కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతోంది. పెద్ద చౌకులోకి వచ్చేసరికి సముద్రం పొంగి చీలమండల దాకా నీళ్ళు. జనం నీళ్ళ మీద వేసిన బల్లల వంతెన మీద ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ నడుస్తున్నారు. బంగారు గోపురాలున్నాయని చదివిన చర్చి ఎదురుగానే ఉంది. శాంతి దాన్ని సరిగ్గా చూడలేదు. ఉమ ముఖం చూడటంతోనే ఆమెకి ఆ రోజు గడిచిపోయింది. నచ్చిందా, నొప్పిగా ఉందా, చలేస్తోందా అని. ఎప్పుడడిగినా ఉమ, "బానే ఉంది" అంది. చౌకు పక్కన వెచ్చగా, దీపాలు వెలుగుతున్న ఒక రెస్టారెంట్ ముందు ఉమ ఆగింది. శాంతి తలుపు మీది ధరల పట్టీ చదువుతూ ఒక్క క్షణం తటపటాయించింది. ఆ క్షణం చాలింది. "సరే, వద్దులే," అని ఉమ ముందుకు నడిచింది. ఒక గోడ పక్కన గొడుగు కింద నిలబడి చల్లటి చీజ్ సాండ్‌విచ్చులు తిన్నారు.

రెండో రోజు పొగమంచు. నల్ల పడవ ఎక్కుదామని వెళితే నీళ్ళు ఎక్కువయ్యాయి, రేపు రమ్మన్నారు. సాయంత్రం తడిసిన బూట్లతో తిరిగి వచ్చాక శాంతికి ఒక ఆలోచన వచ్చింది. సూట్‌కేసు అడుగున చిన్న రైస్ కుక్కర్, కిలో బియ్యం, కందిపొడి, నెయ్యి సీసా, ఆవకాయ తెచ్చింది. వేడన్నం తింటే ఉమ మనసు కుదుటపడుతుంది. అప్పట్లో దాని దిగులు సగం అన్నంతోనే పోయేది.

"ఆగు, పది నిమిషాలల్ల అన్నమైతది," అని కొత్తగా కొన్న అడాప్టర్‌కి కుక్కర్ తగిలించి స్విచ్ వేసింది.

ఆ అడాప్టర్ ప్లగ్గు ఆకారాన్ని మారుస్తుంది గాని, అమెరికాకి రెట్టింపు ఉండే అక్కడి కరెంటుని మార్చదు. ఎమ్మెస్సీ చదివిన మనిషికి ఆ సంగతి తెలియక కాదు, ఆ తొందరలో తట్టలేదు. ఠప్‌మని శబ్దం, నీలం మెరుపు, కాలిన ప్లాస్టిక్ వాసన, చెయ్యి తగిలి నేల మీద ఒలికిన బియ్యం. గదితో పాటు ఆ అంతస్తంతా చీకటైపోయింది. నడవాలో తలుపులు తెరుచుకుంటున్నాయి. మేనేజరు టార్చి వేసుకుని మెట్లెక్కి వచ్చి, కుక్కర్ వైపు, నేల మీద పడ్డ బియ్యం వైపు చూసి పెద్ద గొంతుతో తన భాషలో మొదలుపెట్టాడు. తడి జుట్టుతో, టవళ్ళతో గుమ్మాల్లో నిలబడ్డ జనం చూస్తున్నారు. ఉమ ముందుకొచ్చి ఇంగ్లీషులో, మా ఫ్రెండ్‌కి తెలియదు, క్షమించండి, నష్టం కట్టేస్తాను అని నాలుగుసార్లు చెప్పింది.

కరెంటు వచ్చాక ఉమ మంచం అంచున కూర్చుంది. శాంతి నేల మీద బియ్యం ఎత్తుతోంది.

"ఇంక నా వల్ల కాదే," అంది ఉమ.

"ఏంది నీ వల్ల కానిది?"

"ఈ రూమ్, ఈ బస్సులు, ఆ మెట్లు. మోకాలు చూడు ఎలా వాచిందో. రెండు రోజుల్నించీ నోరు మూసుకునే ఉన్నా."

"ఎందుకు మూసుకున్నవ్ మరి? చెప్పొచ్చు గద."

"ఎలా చెప్పమంటావ్? నీ బడ్జెట్ నాకు తెలీదా? నీ కోసమే కదే ఒప్పుకున్నాను. దామోదర్ ఎయిర్‌లైన్ మైల్స్‌తో బిజినెస్ క్లాస్ టిక్కెట్లు చేస్తానంటే నేనే వద్దన్నా, నువ్వు చిన్నబుచ్చుకుంటావని."

శాంతి చేతిలో బియ్యం అలాగే ఉండిపోయాయి. "సింపుల్‌గ పోదామన్నది నువ్వు."

"అనక ఏమనాలి నీతో?"

"అపార్ట్‌మెంట్ రోజుల్లెక్క అన్నవ్."

"అబ్బా, ఏదో మాటవరసకి అన్నాను. ఆ రోజులు ఎవరిక్కావాలే శాంతీ? ఏడ్చి చచ్చాం కదే అప్పుడు!"

ఈ దేశం వచ్చాక సంతోషంగా ఉన్నది ఎప్పుడని ఎవరైనా అడిగితే, శాంతి తడుముకోకుండా చెప్పేది ఆ రోజుల గురించే. ఆ హాలు, ఆ బల్ల, ఆ చాయ్. ఆ రోజుల్లో తానొక్కతే సంతోషంగా ఉందా? పక్కన కూర్చున్న మనిషి ఎప్పుడు బయటపడతానా అని లెక్కపెట్టుకుంటూ ఉందా?

ఉమ అప్పటికే ఫోన్‌లో చూస్తోంది. "సిటీలోనే, నీళ్ళ పక్కనే రూమ్స్ ఉన్నాయి. నీక్కూడా తీసుకుంటున్నా. నువ్వేం ఆలోచించకు, నేను చూసుకుంటా."

"నాకొద్దు."

"పంతం పట్టకే."

"పంతం కాదు. ఈడ కట్టిన పైసలకు ఈడ్నే ఉంట."

ఆ మంచం మీదే ఇద్దరూ చెరో వైపు తిరిగి పడుకున్నారు. పొద్దున్నే టాక్సీ వచ్చింది. ఉమ సూట్‌కేసుని మూడంతస్తులూ కిందికి దించిపెట్టింది శాంతే. "ఫోన్ చెయ్యి, కలిసి తిరుగుదాం," అంది ఉమ కారులోంచి. శాంతి తలూపింది. చెయ్యలేదు.

ఆ రోజు ఒంటరిగానే బస్సెక్కి వెళ్ళింది. నల్ల పడవల రేవులో చారల చొక్కావాడు, ఎంతమంది అన్నట్టు వేళ్ళు చూపించాడు. శాంతి ఒక వేలు చూపించింది. ఒక్కరెక్కినా పడవ మొత్తానికీ ఇవ్వాలన్నాడు. ఆమె వెనక్కి తిరిగింది. ఊరివాళ్ళెక్కే పెద్ద పడవ ఎక్కి, తడి కోట్ల మధ్య నిలబడి, పెద్ద కాలువ ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళింది. అద్దాల మీద ఆవిరి. చేత్తో తుడిస్తే ఒక మేడ, ఒక గుమ్మం, మళ్ళీ ఆవిరి.

దిగి ఒక వంతెన మీద నిలబడి ఉండగా కింద పడవ వెళుతోంది. వెనక వరుసలో ఎర్ర శాలువా కప్పుకుని ఉమ కూర్చుంది. ఒక్కతే. తలెత్తి చూసి, గుర్తుపట్టి, గబుక్కున లేచి చెయ్యూపింది. "శాంతీ!" అని పిలిచింది కూడా. ఆ పిలుపులో కోపం లేదు. శాంతి విన్నది. విని, చేతిలోని గొడుగు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకుంది. పడవ వంతెన కింద నుంచి అవతలికి వెళ్ళిపోయేదాకా అలాగే నిలబడింది. అప్పుడు వాన లేదు.

ఇంత పని తానెందుకు చేసిందో శాంతికి అప్పుడూ తెలియలేదు, తర్వాతా తెలియలేదు. ఒక్కసారి చెయ్యూపి ఉంటే అంతా సర్దుకునేదేమో. చెయ్యి లేవలేదు. ఆఖరి రోజు ఆమె వెనిస్‌కే వెళ్ళలేదు. సూపర్ మార్కెట్‌లో పెరుగు, రొట్టె కొనుక్కుని, కందిపొడి అద్దుకు తిని, టైర్ల షాపు చూస్తూ కూర్చుంది.

తిరుగు ప్రయాణంలో ఉమ మోకాలి నొప్పికని ముందు వరుసల్లోకి సీటు మార్పించుకుంది. ముప్పై ఎనిమిదో వరుసలో శాంతి పక్క సీటు ఖాళీ. దాని మీద తన కోటు పెట్టుకుంది. షికాగోలో దిగాక ఇద్దరూ చాలా మర్యాదగా మాట్లాడుకున్నారు.

"దింపనా?"

"వద్దొద్దు, ఆయన వస్తున్నరు."

కారులో రాజారావు ఆమె ఫోన్‌లోని ఫోటోలన్నీ చూసి, "ఇందుల నువ్వొక్క దాంట్ల గూడ లేవేంది?" అన్నాడు. "పొగమంచు బాగుండె," అంది శాంతి. ప్రశ్నకీ జవాబుకీ పొంతన లేదని అతను గమనించాడో లేదో, ఫోన్ తిరిగి ఇచ్చి కారు స్టార్ట్ చేశాడు.

డిసెంబర్‌లో ఒకరింట్లో పాట్‌లక్. తలా ఒక వంటకం తెచ్చుకుని ఇరవై మంది చేరారు. ఉమ కుక్కర్ కథ మొదలుపెట్టింది. మేనేజరు టార్చి, గుమ్మాల్లో టవళ్ళవాళ్ళు, నేల మీద బియ్యం. ఉమకి మాట నేర్పుంది. జనం పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. "మా శాంతి ఎక్కడికెళ్ళినా పవర్‌ఫుల్లే!" అంది. అందరూ శాంతి వైపు తిరిగారు. శాంతి కూడా నవ్వింది. నవ్వి ఊరుకోకుండా, "ఆవకాయ సీస మాత్రం పగల్లే, అదొక్కటి కాపాడిన," అని తన వంతు ముక్క కూడా కలిపింది. నవ్వులు ఇంకా పెరిగాయి. జనవరిలో బేస్‌మెంట్‌లో నాణేలు వేసిన సంగతి ఉమ ఇలాంటి చోట ఎప్పుడైనా చెప్పిందా అని ఆలోచించింది. గుర్తు రాలేదు.

వంటింట్లో ప్లేట్లు సర్దుతుంటే ఉమ పక్కకొచ్చి గొంతు తగ్గించింది. "ఏమనుకోలేదు కదే?"

"ఏమనుకుంట?"

ఉమ ఇంకా ఏదో అనబోయింది. అంతలో ఎవరో గరిటె కావాలని వచ్చారు.

శనివారం నడక గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఒక వారం చలి, ఒక వారం మోకాలు, ఒక వారం అనీష్ వస్తున్నాడు. మార్చి వచ్చేసరికి మెసేజులు కూడా ఆగిపోయాయి. ఏప్రిల్‌లో పళ్ళు శుభ్రం చేయించుకోవడానికి వచ్చిన ఒకావిడ కుర్చీలో కూర్చుంటూ, "ఉమగారికి మోకాలి సర్జరీ అయిందటగా, ఎలా ఉన్నారు? మీకే తెలియాలి," అంది. శాంతికి తెలియదు. "బాగనే ఉన్నదండీ," అంది.

ఆ సాయంత్రం ముద్దపప్పు, దొండకాయ వేపుడు, చారు చేసి స్టీలు క్యారియర్‌లో సర్దుకుని నది అవతలికి డ్రైవ్ చేసింది. తలుపు అదితి తీసింది. తల్లిని చూసుకోవడానికి న్యూయార్క్ నుంచి వచ్చింది.

"హాయ్ శాంతి ఆంటీ! అమ్మ స్లీపింగ్. లేపాలా?"

"వద్దు బేటా. లేచినంక వేడి చేసి పెట్టు."

"థాంక్యూ సో మచ్ ఆంటీ. యూ ఆర్ సో స్వీట్." పిల్ల క్యారియర్‌ని రెండు చేతులతో అందుకుంది. మేడ మీది గదిలోంచి టీవీ మాటలు వినిపిస్తున్నాయి. ఉమ మెలకువగానే ఉందేమో. పిల్ల లోపలికి రమ్మంటుందని శాంతి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత కారు దగ్గరికి నడిచింది.

పది రోజులకి క్యారియర్ తిరిగి వచ్చింది. శాంతి పనికెళ్ళినప్పుడు ఎవరో గుమ్మం ముందు పెట్టి వెళ్ళారు. తళతళలాడేలా తోమి ఉంది. పై గిన్నెలో ఒక కవరు, కవర్లో ఒక స్పా గిఫ్ట్ కార్డు. 'థాంక్యూ శాంతీ, నీ రుణం తీర్చుకోలేను. రిలాక్స్ అవ్వు, నీక్కూడా రెస్ట్ కావాలి. ఉమ' అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. దస్తూరీ చక్కగా, తీరిగ్గా ఉంది.

శాంతి గుమ్మంలోనే దాన్ని మూడుసార్లు చదివింది. పప్పుకి గిఫ్ట్ కార్డు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, అప్పటికే మెరుస్తున్న గిన్నెలని ఒక్కొక్కటీ సబ్బు పెట్టి మళ్ళీ తోమింది. ఫోన్ తీసి 'థాంక్స్ ఉమా, ఎందుకివన్నీ' అని కొట్టింది. అవతలి నుంచి వెంటనే ఒక గుండె వచ్చింది.

వారం తర్వాత క్లినిక్‌లో పళ్ళు శుభ్రం చేసే అమ్మాయి పుట్టినరోజు. శాంతి ఆ కార్డుని కొత్త కవర్లో పెట్టి ఇచ్చింది. ఆ పిల్ల కేకేసి, మెడ చుట్టూ చేతులు వేసి, ఇంత ఖరీదైనది నాకెందుకిస్తున్నావు, నువ్వే వెళ్ళొచ్చుగా అంది. నాకెక్కడ తీరుతుంది అంది శాంతి ఇంగ్లీషులో. బల్ల మీద ఫోన్ మోగుతోంది. ఎత్తింది. అవతల ఎవరో ముసలాయన, దవడ పన్ను రెండు రోజులుగా సలుపుతోందని, ఇవాళే చూడమని బతిమాలుతున్నాడు. శాంతి క్యాలెండర్ తెరిచి, మూడున్నరకి ఖాళీ ఉందని చెప్పి, పేరు రాసుకుంది.